చనిపోయిన పాత్రను మళ్లీ లేపకండి

తెలుగు వినోద చానళ్ల కథావిభాగాల వారికి, సీరియల్ రచయితలకు,



వేటపాలెం నుంచి కార్తీకదీపం సీరియల్ గురించి రాస్తున్నాను. 2017 అక్టోబరు 16న స్టార్ మాలో మొదలై 2023 జనవరి 23న ముగిసిన ఆ కథ 1569 భాగాలు నడిచింది. ఆ తర్వాత 2024 మార్చి 25న, అవే పేర్లతో, అవే ముఖాలతో, ఇంకో కథతో ‘ఇది నవవసంతం’ అంటూ రెండోది మొదలైంది. ఇన్ని సీరియళ్లుండగా దీన్నే పట్టుకోవడానికి కారణం ఇది అన్నిటికన్నా అధ్వాన్నమని కాదు. ఈ పదేళ్లలో ఇంటింటా ఇంతగా పాతుకున్న కథ మరొకటి లేదు. మొదలు అంత బాగుంది. రాయడం చేతకాని వాళ్లు పాడుచేసిన కథను చూసి ఎవరూ బాధపడరు. చేతనైన వాళ్లు తమ కథను తామే చేతులారా పాడుచేసుకుంటే మాత్రం ఊరుకోలేం. అందుకే ఈ ఉత్తరం.

మొదలు ఎంత బాగుందో ముందు చెప్పాలి. కథానాయిక దీప నల్లగా ఉంటుంది. అత్త సౌందర్య ఆ రంగు చూసే కోడలిని కాదంటుంది. తర్వాత తర్వాత ఆ అత్తే కోడలి పక్షాన నిలబడి కొడుకుతో పోట్లాడుతుంది. పిల్ల రంగు తక్కువని సంబంధం వెనక్కి పోవడం, లేదంటే కట్నం ఇంకొంచెం పెంచమనడం మా వైపు ఏ వీధిలో అడిగినా చెబుతారు. మా ఊళ్లో జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్ల వేళ్లు జీడి అంటుకుని నల్లబడతాయి, ఆ నలుపు ఎంత తోమినా పోదు. మగ్గం ఉన్న ఇళ్లలో కండెలు చుట్టేది కూడా ఆడవాళ్లే. వీళ్లంతా ఏడున్నరకు పని ముగించుకుని టీవీ ముందు కూర్చున్నారంటే, తమలాంటి మనిషి అక్కడ ఉంది కాబట్టి. మొగుడు కాదంటే తలవంచకుండా వంట చేసుకుని కూతుర్ని పెంచుకున్న మనిషి ఆమె. వంటలక్క అన్న పేరు మా మాటల్లో కలిసిపోయింది. ప్రేమి విశ్వనాథ్ మలయాళం మాతృక ‘కరుత్తముత్తు’లోనూ ఇదే పాత్ర వేసి వచ్చిన నటి. ఆమె కళ్లతో పలికించినవి మీరు మాటల్లో రాసినవాటికన్నా ఎక్కువ. అయినా ఆమె పలికించడానికి తగిన సందర్భాలు రాసింది మీరే.

ఇక ముడి దగ్గరికి వస్తాను. దీప భర్త, డాక్టర్ బాబు కార్తీక్ గుండె వైద్యుడు. అతన్ని కోరుకున్న మోనిత కూడా డాక్టరే. అతనికి పిల్లలు పుట్టే యోగం లేదని ఆమె నమ్మిస్తుంది. భార్య కడుపుతో ఉంటే అతను అనుమానిస్తాడు. అనుమానం పుట్టడం వరకు కథ సబబే. చదువుకున్నవాడు అనుమానించడనే నియమం ఏమీ లేదు, చదువుకున్న ఇళ్లలో అనుమానాలు మనం చూడనివీ కావు. కానీ ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే సంగతి ఏళ్ల తరబడి తేలలేదు. ఆ పరీక్ష ఎందుకు చేయించుకోడని అప్పట్లో ప్రతి ఇంట్లో అడిగారు. పదో తరగతి పిల్లలు అడిగారు, బడి ముఖం చూడని ముసలమ్మలూ అడిగారు. ఆ ప్రశ్నకు కథలో సరైన జవాబు రాలేదు. కథ సాగడానికి పరీక్ష జరగకూడదు కాబట్టి జరగలేదు, అంతే.

ఇక్కడ నన్ను బాగా నొప్పించిన సంగతి ఒకటుంది. తండ్రి ఎవరో తేల్చే ఈ పరీక్ష మన దేశంలోకి ఎక్కడో విదేశం నుంచి ఊడిపడలేదు. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్, ఆయన సహచరులు 1980ల చివర్లో దీన్ని ఇక్కడే అభివృద్ధి చేశారు. 1989లో కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక బిడ్డ తండ్రి ఎవరన్న వివాదం వస్తే, తేల్చింది హైదరాబాదు పరీక్షే. మన దేశంలో పితృత్వ వివాదంలో డీఎన్ఏ సాక్ష్యం నిలిచిన తొలి కేసు అది. మీ కథ వచ్చింది కేరళ నుంచి. దాన్ని తెలుగులో చెప్పారు. ఆ కథలోని ముడిని విప్పే సాధనం ముప్పై ఏళ్ల కిందటే మన నగరంలో తయారై, ఆ కేరళలోనే ఒక తల్లి మాట నిజమని నిలబెట్టింది. తెలుగు రచయితకు ఇంతకన్నా పెద్ద వరం దొరుకుతుందా? ఆ వరాన్ని వాడుకోకుండా పక్కన పెట్టారు.

పరీక్ష జరిగితే కథ అయిపోతుందని భయపడ్డారేమో. నా లెక్కలో కథ అప్పుడే మొదలవుతుంది. బిడ్డ తనదేనని కాగితం మీద చూసిన మగవాడు ఆ ఏళ్లన్నీ ఎలా మోస్తాడు? భార్య ఎదురుగా ఎలా నిలబడతాడు? ఆమె క్షమించాలా? క్షమించకపోతే కూతురికి ఏం చెప్పాలి? నమ్మకం కోసం కాగితం అడిగిన మనిషితో, కాగితం వచ్చాక కాపురం ఎలా చేస్తుంది? ఒక్కో ప్రశ్నకు నూరు భాగాలు రాయొచ్చు. వాటిలో ఒక్క భాగం కూడా సాగదీత అనిపించదు.

ఆ దారి వదిలి మీరు ఇంకో దారి పట్టారు. మోనిత కార్తీక్ ప్రమేయం లేకుండా కృత్రిమ పద్ధతిలో అతని బిడ్డను కడుపున మోసేలా చేశారు. అనుమానం తీర్చడానికి రాని వైద్యశాస్త్రం, కుట్ర చేయడానికి మాత్రం వెంటనే వచ్చేసింది. ఒక్క ఈ సీరియల్ సంగతే కాదు. ఏ చానల్ పెట్టినా సైన్సు మోసగత్తె చేతిలోనే ఉంటుంది. రిపోర్టు మారుస్తారు, ఇంజెక్షన్ ఇచ్చి మతి పోగొడతారు, సర్జరీ చేయించి ఒకరి ముఖం ఇంకొకరికి పెడతారు. నిజం చెప్పే పరీక్ష, ప్రాణం నిలిపే మందు, నిజాయితీగా వైద్యం చేసే డాక్టరమ్మ కథను మలుపు తిప్పిన సందర్భం వెతికినా దొరకదు. మా ఊళ్లో రక్తపరీక్ష కోసం చీరాల వెళ్లడానికి ఇప్పటికీ భయపడే ఆడవాళ్లున్నారు. రోజూ రాత్రి చూసేది వాళ్ల మీద పనిచేయదని ఎలా అనుకుంటాం?

మతిమరుపు గురించి కూడా చెప్పాలి. తలకు దెబ్బ తగిలిన మనిషికి సాధారణంగా పోయేది ఆ దెబ్బకు ముందూ వెనకా కొంత కాలపు జ్ఞాపకం. కొత్తగా విన్నది నిలబెట్టుకోవడం కష్టమవుతుంది. భార్యాబిడ్డల్ని, సొంత పేరును పూర్తిగా మరిచిపోయి, మిగతా పనులన్నీ మామూలుగా చేసుకుంటూ తిరగడం చాలా అరుదు. రెండో దెబ్బ తగలగానే అన్నీ తిరిగి రావడమైతే సినిమాల్లోనే. ముఖం మార్చడమూ అంతే. తొలి పాక్షిక ముఖమార్పిడి 2005లో ఫ్రాన్సులో జరిగింది. అలా ముఖం పొందినవాళ్లు దాతలాగా కనిపించరు, బతికినంత కాలం మందులు మింగాలి. ఆ మందుల కష్టం చుట్టూ ఎవరైనా కథ రాస్తే నేను ఒక్క భాగం కూడా వదలకుండా చూస్తాను.

ఇవన్నీ జరగనివి కాబట్టి రాయకూడదని నేను అనడం లేదు. జరగనిది రాయడం సాహిత్యానికి హక్కు. తెలుగువాళ్లం ఆ హక్కును బాగా వాడుకున్నాం కూడా. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీశారు. హెచ్.జి. వెల్స్ నవల నుంచి కాలయంత్రం ఆలోచన తీసుకుని, జంధ్యాల మాటలతో, మనవాణ్ణి 1526 నాటి కృష్ణదేవరాయల కాలానికి పంపారు, అక్కణ్నుంచి 2504కు పంపారు. అందులో మనల్ని నమ్మమని అడిగింది ఒక్కటే, కాలంలో ప్రయాణించే యంత్రం. దాన్ని ఒప్పుకుంటే మిగతావన్నీ మనుషులు చేసే పనులే. యంత్రం చెడిపోతుంది, చెడిపోతే ఇరుక్కుపోతారు. తప్పించుకోవాలంటే బాగుచేయాలి. వజ్రం దొంగతనం ముందు నుంచీ కథను పట్టి నడిపిస్తుంది. మధ్యలో రచయితకు ఇబ్బంది వచ్చిందని ఇంకో మాయ దించలేదు. ఆ కట్టుబాటు ఉంది కాబట్టే ఆ సినిమాను 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లలో వేస్తే జనం వెళ్లారు. అప్పటికి ముప్పై మూడేళ్లు దాటాయి.

ఇప్పుడు నేను కలం పట్టేలా చేసిన అసలు సంగతి. 2022 వేసవికి కాస్త ముందు కార్తీక్, దీప కారు ప్రమాదంలో చనిపోయారని చూపించారు. పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లయ్యారు, వాళ్ల చుట్టూ కొత్త తరం కథ మొదలైంది. వాళ్లు పోయిన రాత్రి మా వీధిలో చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఏడ్చారు. బయటివాళ్లకు అది చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు కాదు. నాలుగేళ్లకు పైగా వారానికి ఆరు రోజులు పక్కన కూర్చున్న మనిషి పోతే ఏడవడం సహజం. మీ రాతకు దక్కిన అతి పెద్ద గౌరవం ఆ కన్నీళ్లు.

ఆ ఏడాదే వానాకాలం పూర్తిగా దాటకముందే ఇద్దర్నీ వెనక్కి తెచ్చారు. దీప కోమా నుంచి లేచింది. కార్తీక్ గతం మరిచిపోయి మోనిత చెప్పినట్టు బతుకుతున్నాడు. వాళ్లు లేని కథను జనం చూడలేదని అందరికీ అర్థమైంది, మీకు ముందే అర్థమై ఉంటుంది. వాళ్లు వచ్చాక కొందరు సంతోషించారు, ఆ మాట దాచను. కానీ ఆ రోజు నుంచి మా ఇళ్లలో ఒక కొత్త మాట పుట్టింది. ఏ సీరియల్లో ఎవరు చచ్చినా ‘ఏం కాదులే, వస్తారు’ అంటున్నారు. చావుకు ఏడవకుండా చేశారు మీరు. చావుకే ఏడవని ప్రేక్షకురాలు ఇక ఏ చిన్న దుఃఖానికి కదులుతుంది? విడాకులకా, తాకట్టు పెట్టిన ఇంటికా, జ్వరం వచ్చిన బిడ్డకా? మీరు రాయబోయే ప్రతి సన్నివేశం బరువును ఆ ఒక్క నిర్ణయంతో తగ్గించుకున్నారు. మీతో పాటు మిగతా చానళ్ల రచయితల బరువు కూడా తగ్గింది, పాపం వాళ్ల ప్రమేయం లేకుండానే.

షెర్లాక్ హోమ్స్ తిరిగి రాలేదా అని ఎవరైనా అడగవచ్చు. వచ్చాడు. కానన్ డాయిల్ 1893లో అతణ్ని జలపాతంలో పడేశాడు, పాఠకులు వదల్లేదు, 1903లో లేపాడు. ఆ కథలో మిత్రుడు వాట్సన్ శవాన్ని చూడలేదు, చూసింది అడుగుల జాడలే. అక్కడ ఒక తలుపు తెరిచే ఉంది. పైగా డాయిల్ ఆ పని మళ్లీ చేయలేదు.

దీనికన్నా మీకు దగ్గరి పాఠం బ్రిటన్ టీవీలో ఉంది. 1963 నవంబరు 23న మొదలైన ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక సీరియల్‌లో నాయకుడు డాక్టర్ అనే ఇంకో గ్రహంవాడు. మూడేళ్లకు ఆ పాత్ర వేసిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం చెడింది. మన దగ్గర అయితే పాత్రధారి మారారని ఒక ముక్క చెప్పి మర్నాటి నుంచి కొత్త ముఖం చూపిస్తారు. అక్కడి రచయితలు ఆ ఇబ్బందినే కథ చేశారు. ఈ జాతివాళ్లు చావు దగ్గరికి వస్తే శరీరం మారుతుంది, రూపం మారుతుంది, నడత మారుతుంది, జ్ఞాపకం ఉంటుంది అన్నారు. పదేళ్లు గడిచాక, 1976లో, అది పన్నెండుసార్లకు మించి జరగదని హద్దు కూడా గీశారు. ఆ హద్దు వల్ల ప్రతి మార్పుకూ విలువ వచ్చింది. మధ్యలో ఆగి 2005లో మళ్లీ లేచి నిలబడగలిగిందంటే పునాదిలో అలాంటి నియమాలున్నాయి కాబట్టే. 2013లో హద్దు దాటాల్సి వచ్చినప్పుడు, కథలోనే ఒక వరంగా ఇచ్చి దాటించారు, జనం ఒప్పుకున్నారు. 2020లో మాత్రం, ఆ డాక్టరుకు మనకు తెలియని జన్మలు ఎన్నో ముందే ఉన్నాయని ఒక్క భాగంలో తేల్చేశారు. అభిమానులు రెండుగా చీలిపోయారు. అర్ధశతాబ్దం వెంట నడిచినవాళ్లలో చాలామందికి మనసు విరిగింది. నియమం కట్టడానికి పదేళ్లు పట్టింది, విప్పడానికి ఒక్క సాయంత్రం చాలింది. వాళ్లు అంతరిక్షం కథ రాశారు, మీరు సంసారం కథ రాశారు. జరిగిన తప్పు ఒకటే.

మీ కష్టాలు నాకు తెలియవని అనుకోవద్దు. రోజుకో భాగం, వారానికి ఆరు. గురువారం రేటింగులు వస్తాయి, శుక్రవారానికి కథ దిశ మారుతుంది. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు మరొకరివి. షూటింగుకు గంట ముందు చేతికి వచ్చే కాగితంతో నటులు నిలబడాలి. ఒక్క కరుత్తముత్తు కథే తెలుగుతో పాటు కన్నడంలో, తమిళంలో, మరాఠీలో, హిందీలో, బెంగాలీలో తిరిగింది. ఇన్ని భాషల్లో చెల్లే కథ కావాలంటే మా ఊరి వాసన అందులోంచి తీసేయాల్సి వస్తుంది. ఆ ఒత్తిడిలో కూడా మొదటి రెండేళ్లు దీప మాట్లాడిన మాటలు తెలుగు మాటలే. అవి రాసినవాళ్ల పేర్లు వేగంగా పరుగెత్తే అక్షరాల్లో ఎవరి కంటా పడలేదు. ఆ పేర్లు పెద్దగా, నిలకడగా వేయమని చానళ్లను అడగండి. మేమూ అడుగుతాం.

మా ఊళ్లో సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన గ్రంథాలయం, దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలను భద్రంగా దాచిన చోటు. పరిశోధనకు దూరదూరాల నుంచి వచ్చేవాళ్లు అందుకే వస్తారు. ఆ బల్లల దగ్గర కూర్చుని పాత ధారావాహికలు చదివే అలవాటున్న మనిషిగా ఒక మాట చెబుతాను. తెలుగులో సాగే కథ రాయడం మనకు కొత్త కాదు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి సుమారు పాతికేళ్ల పాటు ఒకదాని వెంట ఒకటి ధారావాహికలు రాశారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసి లోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, ఇలా పన్నెండు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలతో నెలకో భాగం వచ్చేది. వాటికీ రచయిత పేరు వేయలేదు, ఆ కథలు రాసింది ఆయనని చాలామంది పిల్లలకు తెలిసేసరికి వాళ్లు తాతలయ్యారు. మాంత్రికులు, రాక్షసులు, మాట్లాడే జంతువులు, అన్నీ ఉన్నాయి వాటిలో. అయినా ఒక మాంత్రికుడి శక్తి ఎంతవరకో అతను కనిపించిన కొద్దిసేపటికే మనకు తెలుస్తుంది, కథ చివరి దాకా ఆ శక్తి అంతే ఉంటుంది. ప్రతి కథా ముగిసింది. ముగిశాకే ఇంకోటి మొదలైంది.

మా మగ్గాల మీద పడుగు ఎక్కించాక దాని పొడవు మారదు. పేకలో రంగులు మార్చవచ్చు, బుటా వేయవచ్చు, అంచు మార్చవచ్చు, నేసేవాడి ఇష్టం. పడుగు ఎంతో ముందే తేలాలి. మీరు పడుగు పొడవు తేల్చకుండానే నేత మొదలుపెడుతున్నారు.

జనానికి ఇదే కావాలని అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 2001 నుంచి 2007 దాకా గుణ్ణం గంగరాజు ‘అమృతం’ సీరియల్ 313 భాగాలు నడిచింది. చాలావరకు ఏ వారం కథ ఆ వారమే తెగేది. ఎవరి ముఖమూ మారలేదని కాదు, నటులు మారారు. కానీ పాత్ర స్వభావం మారలేదు. ఇప్పటికీ ఫోన్లలో పెట్టుకుని చూస్తున్నారు. కార్తీక్, దీప లేని నెలల్లో కార్తీకదీపం పడిపోయిందంటే జనం మలుపుల కోసం చూడలేదని, మనుషుల కోసం చూశారని అర్థం. ఆ లెక్కను మీరే తీసి చూసుకుని తప్పు పాఠం నేర్చుకున్నారు. మనుషులు కావాలన్నది నిజం. చచ్చాక లేచిన మనుషులు కావాలని ఎవరూ అడగలేదు. చంపకుండా ఉంటే చాలు.

కాబట్టి నా కోరికలు రాసి ముగిస్తాను. కొత్త సీరియల్ మొదలుపెట్టేటప్పుడు చివరి భాగం ముందు రాసి పెట్టుకోండి, మాకు చెప్పనక్కర్లేదు. ఏ పాత్రనైనా చంపేముందు ఆ నటుడు ఇక ఎప్పటికీ రాకపోయినా కథ నిలబడుతుందో లేదో తేల్చుకోండి, నిలబడదంటే చంపకండి. వైద్యం వచ్చే ప్రతి కథకూ ఒక డాక్టరును కూర్చోబెట్టుకోండి, హైదరాబాదులో వాళ్లకు కొదవ లేదు. మీలో ఎవరో ఒకరు ధైర్యం చేసి పదమూడు భాగాల వైజ్ఞానిక కథ ఒకటి తెలుగులో రాయించండి. వెండితెర మీద ‘కల్కి 2898 ఏడీ’ 2024లో ఎంత పెద్ద లోకాన్ని కట్టిందో చూశారు. అంత ఖర్చు అక్కర్లేదు. లాల్జీ సింగ్ ప్రయోగశాల, తలశ్శేరి కోర్టు, ఒక తల్లి, ఒక పిల్ల చాలు. ఆ కథను ఆడవాళ్లు చూడరని మీకు ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఏడున్నరకు వేయండి, మా వీధి మొత్తం చూస్తుంది.

ఇట్లు,
వేటపాలెం ప్రేక్షకుడొకరు